పోరాట క్రీడల్లో పాయింట్ల విధానం: లెక్కకూ తీర్పుకూ మధ్య

వ్యాససంగ్రహం

ఇద్దరు క్రీడాకారులు ముఖాముఖి తలపడే పోరాట క్రీడల్లో విజేతను ఏ ప్రాతిపదికన ప్రకటించాలన్న ప్రశ్నకు శతాబ్దకాలంగా రకరకాల సమాధానాలు వచ్చాయి. పరుగుపందెంలో గడియారం, బరువులెత్తడంలో కిలోల సంఖ్య ఫలితాన్ని తేలుస్తాయి. బాక్సింగ్, తైక్వాండో, కుస్తీ, ఫెన్సింగ్ వంటి క్రీడల్లో మాత్రం ఒక దెబ్బ తగిలిందా, తగిలితే దాని విలువ ఎంత అన్నది మరొకరు నిర్ణయించాలి. ఈ వ్యాసం ప్రధానంగా ఒలింపిక్ బాక్సింగ్‌లో 1988 నుంచి జరిగిన మార్పులను ఆధారం చేసుకుని పాయింట్ల విధానాన్ని రూపొందించేటప్పుడు తీసుకోవలసిన నిర్ణయాలను వివరిస్తుంది. నిఖత్ జరీన్ విజయాల సందర్భంగా తెలుగు పాఠకులకు పరిచయమైన ‘5-0’ అనే అంకె నిజంగా ఏమి చెబుతుందో విశ్లేషిస్తుంది. స్థానిక పోటీల నిర్వాహకులకు ఉపకరించే కొన్ని సూచనలు చేస్తుంది.

కీలకపదాలు: పోరాట క్రీడలు, బాక్సింగ్, పాయింట్ల విధానం, న్యాయనిర్ణేత, పది పాయింట్ల పద్ధతి, నిఖత్ జరీన్, మేరీ కోమ్.

1. పరిచయం

మహాభారతంలోని భీమ జరాసంధుల మల్లయుద్ధానికి న్యాయనిర్ణేతలు లేరు. ఒకరి మరణంతో యుద్ధం ముగిసింది, ఫలితం చూసినవారందరికీ ఒకేలా కనిపించింది. ఊరి జాతరలో జరిగే కుస్తీలోనూ ప్రత్యర్థి వెన్ను నేలకు తగిలితే పోటీ అయిపోయినట్టే. ముగింపు అందరికీ కనిపించేచోట పాయింట్లతో పని ఉండదు.

ఆధునిక క్రీడ ఈ పరిస్థితిని మార్చింది. 1867లో వెలువడిన క్వీన్స్‌బెరీ నియమాలు బాక్సింగ్‌లో చేతితొడుగులను, మూడు నిమిషాల రౌండ్లను, పడినవాడు లేవడానికి పది సెకన్ల గడువును తెచ్చాయి. పోటీకి కాలపరిమితి ఏర్పడగానే కొత్త సమస్య తలెత్తింది. గడువు ముగిసేసరికి ఇద్దరూ నిలబడే ఉంటే గెలిచింది ఎవరు? పాయింట్ల విధానం ఈ ప్రశ్నకు సమాధానంగానే పుట్టింది. క్రీడాకారుల ప్రాణరక్షణకు చేసిన ఏర్పాట్లు పెరిగేకొద్దీ న్యాయనిర్ణేత బాధ్యత కూడా పెరిగింది.

2. విధాన నిర్మాణంలో నాలుగు నిర్ణయాలు

ఏ పోరాట క్రీడకైనా పాయింట్ల విధానాన్ని ఏర్పరచేవారు నాలుగు విషయాలు ముందుగా తేల్చుకోవాలి.

మొదటిది, దేనిని లెక్కించాలి? తగిలిన ప్రతి దెబ్బనా, బలంగా తగిలిన దెబ్బనేనా, లేక రౌండంతా పైచేయి ఎవరిదన్న సమగ్ర అంచనానా? రెండవది, ఎవరు లెక్కించాలి? మనిషా, యంత్రమా, ఇద్దరూ కలిసా? మూడవది, పలువురి లెక్కలను ఒక ఫలితంగా ఎలా కలపాలి? నాలుగవది, తప్పు జరిగితే ఎలా దిద్దాలి?

సాధారణంగా చర్చ మొదటి రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. మూడవ ప్రశ్నకు ఇచ్చే సమాధానం కూడా విజేతను మార్చగలదని ఈ వ్యాసంలోని నాలుగవ భాగం చూపుతుంది.

3. ఒలింపిక్ బాక్సింగ్: తీర్పు నుంచి లెక్కకు, లెక్క నుంచి తీర్పుకు

3.1 సియోల్, 1988

సియోల్ ఒలింపిక్స్ లైట్ మిడిల్‌వెయిట్ ఫైనల్లో అమెరికాకు చెందిన రాయ్ జోన్స్ జూనియర్, ఆతిథ్య దేశమైన దక్షిణ కొరియాకు చెందిన పార్క్ సిహున్ తలపడ్డారు. అమెరికా టెలివిజన్ ప్రసారంలోని లెక్క ప్రకారం జోన్స్ 86 పంచ్‌లు, పార్క్ 32 పంచ్‌లు తగిలించారు. అయినా ఐదుగురు న్యాయనిర్ణేతలలో ముగ్గురు పార్క్ వైపు మొగ్గడంతో 3-2తో స్వర్ణం ఆయనకు దక్కింది. అదే క్రీడల్లో ఉత్తమ బాక్సర్‌కు ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ మాత్రం ఓడిన జోన్స్‌కు లభించింది. ఒక పోటీలో ఓడినవాడిని ఉత్తముడిగా గుర్తించవలసి రావడం ఆ తీర్పుపై వచ్చిన అనుమానాల తీవ్రతకు సూచిక. 1997లో ముగిసిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ విచారణలో లంచం తీసుకున్నట్టు ఆధారాలు లభించలేదు, ఫలితమూ మారలేదు.

3.2 మీట నొక్కే పద్ధతి

ఈ వివాదం తరువాత న్యాయనిర్ణేత విచక్షణను వీలైనంత తగ్గించే ప్రయత్నం మొదలైంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ నాటికి కంప్యూటర్ విధానం అమలులోకి వచ్చింది. ఐదుగురు న్యాయనిర్ణేతల ముందు ఎర్ర మూలకూ నీలి మూలకూ వేర్వేరు మీటలు ఉంటాయి. దెబ్బ తగిలిందని భావించినవారు ఆ బాక్సర్ మీటను నొక్కాలి. ఐదుగురిలో కనీసం ముగ్గురు ఒక సెకను వ్యవధిలో ఒకే మీట నొక్కితేనే పాయింటు నమోదవుతుంది. ఒక్కరు పక్షపాతంతో నొక్కినా ఫలితం మారదు. కాగితం మీద ఇది నిర్దుష్టమైన పద్ధతి.

భారతీయ పాఠకులకు ఈ విధానం 2008 బీజింగ్ ఒలింపిక్స్‌తో పరిచయమైంది. విజేందర్ సింగ్ క్వార్టర్ ఫైనల్లో కార్లోస్ గొంగోరాపై 9-4తో గెలిచి, సెమీఫైనల్లో ఎమీలియో కొర్రెయా చేతిలో 5-8తో ఓడి కాంస్యం పొందారు. ఇక్కడి 9, 4 అంకెలు లెక్కలోకి వచ్చిన దెబ్బలను సూచిస్తాయి.

ఆచరణలో మూడు లోపాలు బయటపడ్డాయి. ముగ్గురికీ ఒకే క్షణంలో స్పష్టంగా కనిపించే దెబ్బ సాధారణంగా దూరం నుంచి ముఖానికి వేసే సూటి పంచ్. దగ్గరగా నిలిచి పొట్టపై, పక్కటెముకలపై కొట్టే దెబ్బలు రింగు చుట్టూ వేర్వేరు వైపుల కూర్చున్నవారిలో కొందరికి బాక్సర్ వీపు చాటున పడిపోయేవి. రెండవది, వరుసగా మూడు నాలుగు పంచ్‌లు వేగంగా పడినప్పుడు వేళ్ళు ఆ వేగాన్ని అందుకోలేక ఒకటే పాయింటు నమోదయ్యేది. మూడవది, తేలికగా తాకిన పంచ్‌కూ ప్రత్యర్థిని కుదిపేసిన పంచ్‌కూ విలువ ఒకటే.

క్రీడాకారులు, శిక్షకులు ఈ లోపాలను త్వరగానే గ్రహించారు. రెండు మూడు పాయింట్ల ఆధిక్యం రాగానే వెనక్కి జరుగుతూ కాలం గడపడం గెలుపు మార్గమైంది. పొట్టపై కొట్టే నేర్పుకు ప్రాధాన్యం తగ్గింది. యంత్రానికి ఏది కనబడుతుందో దానినే సాధన చేసే తరం తయారైంది. విధానం ఆటను కొలవడంతో ఆగక, ఆటను తనకు అనువుగా మార్చుకుందని చెప్పవచ్చు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మరో పరిమితి వెల్లడైంది. బాంటమ్‌వెయిట్ పోటీలో జపాన్‌కు చెందిన సతోషి షిమిజు దాడికి అజర్‌బైజాన్‌కు చెందిన మగొమెద్ అబ్దుల్‌హమిదోవ్ చివరి రౌండ్లో ఆరుసార్లు కిందపడ్డారు. అయినా 22-17తో అబ్దుల్‌హమిదోవ్ గెలిచినట్టు ప్రకటించారు. కిందపడటానికి ప్రత్యేకమైన పాయింట్లు లేవు. పోటీని ఆపవలసిన రిఫరీ ఆపలేదు. జపాన్ ఫిర్యాదుపై ఫలితాన్ని తారుమారు చేసి, ఆ రిఫరీని క్రీడల నుంచి పంపించివేశారు. అదే ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో వికాస్ కృష్ణన్ అమెరికాకు చెందిన ఎరోల్ స్పెన్స్‌పై 13-11తో గెలిచినట్టు మొదట ప్రకటించారు. తరువాత వీడియో పరిశీలించి, పట్టుకొని ఆపడం వంటి తప్పిదాలకు రిఫరీ హెచ్చరికలు ఇవ్వలేదని తేల్చి, స్పెన్స్‌ను 15-13తో విజేతగా ప్రకటించారు. దెబ్బల లెక్క ఎంత కచ్చితంగా ఉన్నా, ఆ లెక్కకు బయట రిఫరీ తీసుకునే నిర్ణయాలు ఫలితాన్ని శాసిస్తాయని ఈ రెండు ఘటనలు తెలియజేస్తున్నాయి.

3.3 పది పాయింట్ల పద్ధతి

2013లో అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం మీటల పద్ధతిని విడిచి, వృత్తి బాక్సింగ్‌లో వాడుకలో ఉన్న పది పాయింట్ల పద్ధతిని స్వీకరించింది. ఇందులో రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణంగా 9 పాయింట్లు ఇస్తారు. ఆధిపత్యం స్పష్టంగా ఉంటే ఓడినవారికి 8, పూర్తిగా ఏకపక్షమైతే 7 ఇవ్వవచ్చు. నిషిద్ధం కాని భాగంపై తగిలిన నాణ్యమైన దెబ్బల సంఖ్య, సాంకేతిక నైపుణ్యంతోనూ వ్యూహంతోనూ సాధించిన ఆధిపత్యం, పోటీతత్వం అనేవి ప్రమాణాలు. దెబ్బలను ఒక్కొక్కటిగా లెక్కించే పని పోయి, రౌండును మొత్తంగా అంచనా వేసే పని మళ్ళీ వచ్చింది.

దానితోపాటే పాత అనుమానాలూ వచ్చాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో ఐదుగురు న్యాయనిర్ణేతలు పాయింట్లు ఇస్తే, వారిలో ముగ్గురివి మాత్రమే కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఎంచుకునేది. ఎవరి కార్డు లెక్కకు వస్తుందో ముందుగా తెలియకపోతే అక్రమానికి అవకాశం తగ్గుతుందన్నది ఉద్దేశం. ఐర్లండ్‌కు చెందిన మైఖేల్ కాన్లన్ రష్యాకు చెందిన వ్లదిమిర్ నికితిన్ చేతిలో ఓడిన పోటీతోపాటు కొన్ని ఫలితాలు తీవ్ర వివాదాస్పదమయ్యాయి. రియోలో పనిచేసిన 36 మంది రిఫరీలను, న్యాయనిర్ణేతలను తరువాత పక్కనపెట్టారు. రిచర్డ్ మెక్‌లారెన్ నేతృత్వంలోని స్వతంత్ర దర్యాప్తు 2021లో విడుదల చేసిన నివేదిక, అనుకూలురైన అధికారులను కీలకమైన పోటీలకు నియమించే పద్ధతి ద్వారా ఫలితాలను ప్రభావితం చేశారని తేల్చింది. అంటే యంత్రం ఐదుగురిలో ముగ్గురిని నిష్పక్షపాతంగానే ఎంచుకున్నా, ఆ ఐదుగురిని నియమించే అధికారం మనుషుల చేతిలోనే ఉండిపోయింది.

అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం గుర్తింపును ఒలింపిక్ కమిటీ 2019లో నిలిపివేసి, 2023లో పూర్తిగా రద్దు చేసింది. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ పోటీలను ఒలింపిక్ కమిటీ ఏర్పాటు చేసిన ప్రత్యేక బృందాలే నిర్వహించాయి. పాయింట్ల విధానంపై విశ్వాసం కోల్పోవడం ఒక క్రీడను ఒలింపిక్స్ నుంచి తొలగించే ప్రమాదం దాకా తెచ్చింది. 2025లో వరల్డ్ బాక్సింగ్ అనే కొత్త సంస్థకు తాత్కాలిక గుర్తింపు లభించాకే 2028 లాస్ ఏంజిలిస్ క్రీడల్లో బాక్సింగ్ స్థానం ఖరారైంది.

4. లెక్కలను కలిపే పద్ధతి

టోక్యో ఒలింపిక్స్ 51 కిలోల విభాగంలో 2021 జూలై 29న మేరీ కోమ్ కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వలెన్సియాతో తలపడ్డారు. మొదటి రౌండును ఐదుగురిలో నలుగురు వలెన్సియాకు ఇచ్చారు. రెండు, మూడు రౌండ్లను 3-2 ఆధిక్యంతో మేరీ కోమ్ గెలిచారు. మూడింట రెండు రౌండ్లు గెలిచిన మేరీ కోమ్ 2-3 తేడాతో పోటీలో ఓడిపోయారు. తానే గెలిచానని అనుకున్నట్టు ఆమె తరువాత చెప్పారు. అభిమానులు ఎందరో అలాగే భావించారు.

ఈ ఫలితం ఎలా సాధ్యమో తెలియడానికి ఒక ఉదాహరణను ఊహించవచ్చు. మొదటి న్యాయనిర్ణేత మూడు రౌండ్లూ మేరీ కోమ్‌కే ఇచ్చారనుకుందాం. రెండవవారు చివరి రెండు రౌండ్లు, మూడవవారు రెండవ రౌండు మాత్రమే, నాలుగవవారు మూడవ రౌండు మాత్రమే ఆమెకు ఇచ్చారు. ఐదవవారు ఒక్కటీ ఇవ్వలేదు. రౌండ్ల వారీగా చూస్తే మేరీ కోమ్‌కు 1, 3, 3 చొప్పున మద్దతు ఉంది. రెండు రౌండ్లు ఆమెవే. న్యాయనిర్ణేతల వారీగా చూస్తే మొదటి ఇద్దరి కార్డుల్లో ఆమె గెలిచారు, మిగిలిన ముగ్గురి కార్డుల్లో వలెన్సియా గెలిచారు. నియమాల ప్రకారం ఒక్కొక్క న్యాయనిర్ణేత మూడు రౌండ్ల మొత్తమే ఒక ఓటు. కనుక వలెన్సియా విజేత.

ఒకే పోటీకి, అవే కార్డులకు, రౌండ్ల ఆధిక్యంతో లెక్కిస్తే ఒకరు, కార్డుల ఆధిక్యంతో లెక్కిస్తే మరొకరు గెలుస్తారు. ఎవరూ పక్షపాతం చూపకపోయినా ఈ వ్యత్యాసం వస్తుంది. మొత్తం పదిహేను రౌండు తీర్పులలో వలెన్సియాకు 8, మేరీ కోమ్‌కు 7 దక్కాయి కనుక అమలులో ఉన్న నియమాన్ని అన్యాయమని అనడానికి వీలులేదు. అయితే ప్రతి రౌండు తరువాత ఫలితాన్ని ప్రదర్శిస్తూ, చివరి నిర్ణయాన్ని వేరొక లెక్కతో చేసినప్పుడు క్రీడాకారులకు కలిగే అయోమయం సహజమైనది.

ఇతర క్రీడలు ఈ ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. పారిస్ ఒలింపిక్స్ తైక్వాండోలో మూడు రౌండ్లలో రెండు గెలిచినవారే విజేత. కుస్తీ దీనికి ఎదురు దిశలో నడిచింది. 2013కు ముందు మూడు పీరియడ్‌లలో రెండు గెలిచినవారు విజేత. ఆ పద్ధతిలో ఒకరు 1-0, 0-5, 1-0తో పీరియడ్‌లు పంచుకుంటే, మొత్తం మీద రెండు పాయింట్లే తెచ్చుకున్నవారు ఐదు పాయింట్లు తెచ్చుకున్నవారిపై గెలుస్తారు. ఒలింపిక్స్ నుంచి కుస్తీని తొలగించే ప్రతిపాదన వచ్చిన 2013లోనే ఈ పద్ధతిని వదిలి, మూడేసి నిమిషాల రెండు పీరియడ్‌ల మొత్తం పాయింట్లను లెక్కించడం ప్రారంభించారు.

5. యంత్ర సహాయం, దాని హద్దులు

దెబ్బను యంత్రమే గుర్తించే క్రీడల్లో ఫెన్సింగ్ ముందు నిలుస్తుంది. విద్యుత్ పరికరాలు ఒలింపిక్స్‌లో ఎపే విభాగానికి 1936లో, ఫాయిల్‌కు 1956లో, సేబర్‌కు 1992లో వచ్చాయి. ఎపేలో కత్తి మొన 750 గ్రాముల ఒత్తిడితో తగిలితేనే దీపం వెలుగుతుంది. ఫాయిల్, సేబర్‌లలో ఇద్దరి దీపాలూ వెలిగినప్పుడు దాడి చేసే హక్కు ఎవరిదన్నది రిఫరీయే చెప్పాలి. యంత్రం ‘తగిలింది’ అని చెప్పగలదు, ‘చెల్లుతుంది’ అని చెప్పలేదు. యంత్రాన్నీ మోసగించవచ్చని 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మోడర్న్ పెంటాథ్లాన్‌లో బోరిస్ ఒనిష్చెంకో ఉదంతం నిరూపించింది. కత్తి పిడిలో అమర్చుకున్న మీటతో, ప్రత్యర్థిని తాకకుండానే దీపం వెలిగించిన ఆయనను అనర్హుడిగా ప్రకటించారు.

తైక్వాండోలో 2012 నుంచి ఎలక్ట్రానిక్ కవచాలు, 2016 నుంచి తలకు కూడా సెన్సార్లు ఒలింపిక్స్‌లో వాడుతున్నారు. ఫలితంగా ముందు కాలును గాలిలో ఎత్తి ఉంచి, కవచాన్ని పదేపదే తాకించే శైలి పెరిగింది. విమర్శకులు దానిని కాళ్ళతో చేసే ఫెన్సింగ్ అన్నారు. ఆ ధోరణిని అరికట్టడానికి విలువలలో అంతరం పెంచారు. శరీరంపై మామూలు తన్నుకు 2, తలపై తన్నుకు 3 ఉండగా, తిరిగి తన్నితే అవే 4, 5 అవుతాయి. పంచ్‌కు 1. తన్నేముందు ఒళ్ళు తిరిగిందా అన్నది కవచానికి తెలియదు. దానికి అదనపు పాయింట్లు న్యాయనిర్ణేతలే ఇస్తారు. ఇక్కడ కూడా యంత్రం పక్కన మనిషి అవసరం తీరలేదు.

6. ‘5-0’ అంకెకు అర్థం

2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 52 కిలోల విభాగం ఫైనల్లో థాయ్‌లాండ్‌కు చెందిన జిత్‌పాంగ్ జుతమాస్‌పై 5-0తో గెలిచి ప్రపంచ విజేత అయ్యారు. ఫుట్‌బాల్, హాకీ ఫలితాలకు అలవాటుపడిన పాఠకుడు దీనిని ప్రత్యర్థి ఒక్క పాయింటూ సాధించలేని ఏకపక్ష పోటీగా అర్థం చేసుకునే అవకాశం ఉంది. ఆనాటి ఐదు కార్డులు 30-27, 29-28, 29-28, 30-27, 29-28. ముగ్గురు న్యాయనిర్ణేతల దృష్టిలో జుతమాస్ ఒక రౌండు గెలిచారు. నిఖత్ పోరాడి గెలిచిన పోటీ అది. 5-0 అంటే ఐదుగురూ ఏకాభిప్రాయంతో ఆమెను విజేతగా చూశారని మాత్రమే అర్థం. ఎంత తేడాతో అన్నది ఆ అంకెలో లేదు.

ఇదే అంకె ఓటమికీ వర్తిస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ చైనాకు చెందిన వూ యూ చేతిలో 0-5తో ఓడినప్పుడు, ఆ అంకెను మాత్రమే చూసి ఆమె చేతులెత్తేసిందని తీర్మానించడం సరికాదు. 2008 నాటి 9-4, 2022 నాటి 5-0 ఒకే గుర్తుతో రాసినా వేర్వేరు వస్తువులను లెక్కిస్తున్నాయి. మొదటిది దెబ్బల లెక్క, రెండవది తీర్పుల లెక్క. తెలుగు క్రీడావార్తల్లో ‘5-0తో గెలిచింది’ అని రాసేచోట ‘ఐదుగురు న్యాయనిర్ణేతల ఏకగ్రీవ తీర్పుతో గెలిచింది’ అని రాసి, వీలైతే కార్డుల వివరం ఇస్తే పాఠకునికి పోటీ స్వరూపం తెలుస్తుంది. ‘స్ప్లిట్ డెసిషన్’ అనే మాటకు ‘చీలిన తీర్పు’ అనేది సులభంగా అర్థమయ్యే తెలుగు రూపం.

7. స్థానిక పోటీల నిర్వాహకులకు సూచనలు

జిల్లా, విశ్వవిద్యాలయ స్థాయి పోటీల్లో సెన్సార్లు, వీడియో పునఃపరిశీలన అందుబాటులో ఉండకపోవచ్చు. క్రీడా కోటా ప్రవేశాలకు పోటీల ధ్రువపత్రాలు ఆధారమైనప్పుడు అక్కడి ఒక తీర్పు ఒక విద్యార్థి సీటును ప్రభావితం చేయగలదు. పై చరిత్ర నుంచి ఖర్చు లేకుండా పాటించదగిన కొన్ని జాగ్రత్తలను గ్రహించవచ్చు.

అ) చెల్లే దెబ్బను పోటీకి ముందే తెలుగులో నిర్వచించి అందరికీ చదివి వినిపించాలి. బాక్సింగ్‌లో అది చేతితొడుగులోని పిడికిలి కణుపుల భాగంతో, తల ముందు లేదా పక్క భాగంపై, లేదా నడుము పట్టీకి పై భాగంలో, అడ్డు లేకుండా, శరీర బలంతో తగిలిన దెబ్బ.

ఆ) న్యాయనిర్ణేతల సంఖ్య బేసిగా ఉండాలి. వారు వేర్వేరు వైపుల, ఒకరి కార్డు మరొకరికి కనబడనంత దూరంలో కూర్చోవాలి. పోటీదారుల శిక్షణ కేంద్రానికి చెందినవారు ఆ పోటీకి ఉండకూడదు. నియామకం చీటీల ద్వారా అందరి ముందు జరగడం మేలు.

ఇ) ప్రతి రౌండు ముగియగానే కార్డును సేకరించాలి. చివరి వరకు ఉంచితే ముందటి రౌండ్ల అంకెలను తరువాతి రౌండు చూసి సవరించే అవకాశం ఉంటుంది.

ఈ) విజేతను రౌండ్ల ఆధిక్యంతోనా, కార్డుల ఆధిక్యంతోనా, మొత్తం పాయింట్లతోనా నిర్ణయించేది ముందే ప్రకటించాలి. సమమైతే ఏ ప్రమాణాన్ని ఏ వరుసలో చూడాలో కూడా రాసి ఉంచాలి.

ఉ) ఫిర్యాదుకు గడువు, దానిని వినేవారి పేర్లు ముందే నిర్ణయించాలి. ఆ పోటీకి పనిచేసిన అధికారులు ఫిర్యాదు విచారణలో ఉండరాదు.

ఊ) కార్డులను భద్రపరచాలి. పది ఇరవై పోటీల కార్డులను పోల్చితే మిగిలినవారితో తరచుగా విభేదించే న్యాయనిర్ణేత ఎవరో తెలుస్తుంది. ఆ విభేదం పక్షపాతం కావచ్చు, ప్రమాణాన్ని వేరుగా అర్థం చేసుకోవడం కావచ్చు. రెండవదైతే ఒకే పోటీ వీడియోను అందరికీ చూపి, కార్డులు రాయించి, చర్చించడం ద్వారా సరిదిద్దవచ్చు.

8. ముగింపు

ఒలింపిక్ బాక్సింగ్ మూడున్నర దశాబ్దాల్లో తీర్పును లెక్కగా మార్చి, లెక్క వల్ల ఆట కుంచించుకుపోవడంతో మళ్ళీ తీర్పు వైపు మళ్ళింది. దెబ్బలను విడివిడిగా లెక్కిస్తే లెక్కకు దొరికే దెబ్బలే మిగులుతాయి. మొత్తంగా అంచనా వేస్తే అంచనా వేసేవారి నిజాయితీపై ఆధారపడవలసి వస్తుంది. ఏ పద్ధతిని ఎంచుకున్నా దాని బలహీనత ఏ వైపున ఉందో తెలుసుకుని, అక్కడ కాపలా పెట్టడమే నిర్వాహకుల బాధ్యత. దెబ్బను లెక్కించే పద్ధతితోపాటు, న్యాయనిర్ణేతల నియామకం, కార్డులను కలిపే సూత్రం, ఫిర్యాదు మార్గం అనేవి కూడా పాయింట్ల విధానంలో అంతర్భాగాలని గుర్తించాలి. బరిలో దిగేముందే తన శ్రమను ఎలా కొలుస్తారో క్రీడాకారిణికి తెలిసి ఉంటే, చీలిన తీర్పుతో ఓడినా ఆ ఓటమికి కారణమేమిటో ఆమె కార్డు చూసి చదువుకోగలదు.